‘స్థానికురాలు’ అన్న పేరు: తెలుగు వార్తల తెర మీద ఒక విమర్శ

టీవీ వార్తల మీద మనవాళ్లు రాసిన విమర్శ తక్కువేమీ కాదు. ఏ వార్త వేశారు, ఏది దాచారు, పోడు భూముల గొడవలో ఎవరి పక్షాన మాట్లాడారు, తండా ఆడబిడ్డల గురించి ఎంత చులకనగా చెప్పారు అన్నవి సభల్లో మాట్లాడుకున్నాం, పుస్తకాల్లో రాసుకున్నాం. అయితే ఆ విమర్శ అంతా మాట చుట్టూనే తిరిగింది. ఆ మాట చెప్పే మనిషి ముందున్న బల్ల, వెనకున్న గోడ, కింద పరుగెత్తే అక్షరాలు, పేరు రాసే పట్టీ, వీటి జోలికి ఎవరూ పెద్దగా పోలేదు. ముస్తాబు కిందికి వచ్చే సంగతులు కదా అని వదిలేశారు. తెర మీద ఎవరికి పేరుంటుంది, ఎవరికి ఉండదు అన్నది ఆ ముస్తాబులోనే తేలిపోతున్నది. అందుకే ఈ వ్యాసం.

మేం బాల్కొండ నుంచి రాస్తున్నాం. మాలో లంబాడీలున్నారు, నాయకపోడులున్నారు. మా తండాలు, గూడేలు భీంగల్, కమ్మర్‌పల్లి, సిరికొండ దిక్కు గుట్టల పొంటి ఉంటాయి. బ్యాంకు పనికో, బస్సు కోసమో దిగివస్తే కాసేపు కూర్చునే చోటు చాయ్ హోటలే. అక్కడ గోడకు ఎత్తున బిగించిన టీవీలో పొద్దంతా వార్తలే నడుస్తుంటాయి. పొయ్యి చప్పుడు, గ్లాసుల చప్పుడు, రోడ్డు మీద లారీల హారన్లు. యాంకర్ చెప్పేది ఒక్క ముక్క వినపడదు. కాబట్టి అక్కడ కూర్చున్నవాళ్లకు వార్త చెవికి రాదు, కంటికి వస్తుంది. చదువు వచ్చినవాడు పైకి చదివి రానివాడికి చెప్తాడు. స్టూడియోలో పట్టీ కొట్టేవాళ్లకు ఈ సంగతి తెలుసో లేదో గాని, మా దగ్గర వార్తంటే ఆ పట్టీయే.

ఈ బల్ల, ఈ పట్టీ ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం వెనక్కి పోయి చూడాలి. 1954 జూలై 5న బీబీసీ మొదటి టీవీ వార్తల బులెటిన్ వేసినప్పుడు చదివే మనిషి ముఖం చూపలేదు. బొమ్మలు, పటాలు, అట్టల మీద రాసిన అక్షరాలు కనిపించేవి, వెనుక నుంచి గొంతు వినిపించేది. ముఖం కనిపిస్తే జనం ధ్యాస వార్త మీద నుంచి మనిషి మీదికి పోతుందని వాళ్ల భయం. ఏడాది తిరిగాక, 1955లో, పోటీ ఛానల్ వస్తున్నదనగా ఆ భయం పోయింది. చదువరి ముఖం తెర మీదికి వచ్చింది. ముఖం వచ్చాక దాని ముందు బల్ల కావాలి, వెనుక గోడ కావాలి. ఆ గోడ మీద ఏముండాలన్న ప్రశ్న అప్పుడు మొదలై ఇప్పటికీ తెగలేదు.

మన దగ్గర హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. తెలుగు వార్తలు తెర మీద చదవడం 1983 నవంబరు 14న మొదలైంది. చదివినాయన శాంతిస్వరూప్. ముందు ప్రాంప్టర్ లేదు. కాగితం మీద ఉన్నది కంఠతా పట్టి, కెమెరా వైపు చూసి చెప్పేవారు. బల్ల, వెనుక సాదా తెర, అంతే సెట్టు. ఆ సాదాతనాన్ని తలుచుకొని ఇప్పుడు చాలామంది కన్నీళ్లు పెట్టుకుంటారు. మాకు అంత మురిపెం లేదు. సర్కారు చెప్పమన్నది చెప్పిన బల్ల అది. గూడెం దాని ముందుకు ఎప్పుడూ రాలేదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో తెర మీద అక్షరం పడాలంటే ఒక చిత్రకారుడు కూర్చుని నల్ల అట్ట మీద చేత్తో రాయాలి, దాన్ని కెమెరా ముందు నిలబెట్టాలి. అంత శ్రమ గనుక పడే పేర్లు తక్కువ. ఎవరి పేరు రాయలేదంటే అట్ట లేదు, టైము లేదు అని చెప్పుకోవడానికి ఒక సాకైనా ఉండేది.

1980 జూన్ 1న అమెరికాలో సీఎన్‌ఎన్ మొదలైంది. ఇరవై నాలుగు గంటల వార్తలు. యాంకర్ వెనుక గోడ తీసేసి, పనిచేస్తున్న ఆఫీసునే చూపించింది. కంప్యూటర్లు, ఫోన్లు, అటూ ఇటూ నడిచే మనుషులు. ఇక్కడ వార్త తయారవుతున్నది, నమ్మండి అని ఆ సెట్టు చెప్పింది. తెలుగులో ఆ కాలం ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2003 చివరన ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చాక వార్త పొద్దంతా నడవడం మొదలైంది. 2007లో ఎన్టీవీ, టీవీ5. 2009లో సాక్షి, హెచ్‌ఎంటీవీ, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి. 2011లో టీ న్యూస్, 2012లో వీ6. ఇన్ని ఛానళ్లు ఒకే ఊరి నుంచి, ఒకే నాయకుల ముఖాలతో, ఒకే వార్త చెప్తుంటే రిమోట్ పట్టుకున్నవాడు ఒకచోట ఆగాలంటే రంగు ఆపాలి, చప్పుడు ఆపాలి. ప్లైవుడ్ గోడ పోయి పచ్చ గుడ్డ వచ్చింది. పచ్చ గుడ్డ ముందు యాంకర్‌ను నిలబెడితే ఆ పచ్చదనం ఉన్న చోటల్లా కంప్యూటర్ ఏ బొమ్మనైనా కూర్చుతుంది. అసెంబ్లీ కావాలంటే అసెంబ్లీ, అడవి కావాలంటే అడవి. తర్వాత ఎల్‌ఈడీ గోడలు వచ్చాయి. యాంకర్ కుర్చీ వదిలి లేచి నడవడం మొదలుపెట్టింది.

కింద పరుగెత్తే అక్షరాలది వేరే పుట్టుక. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట భవనాలు కూలిన రోజు చెప్పాల్సిన సంగతులు తెరకు మించిపోయాయి. అమెరికా ఛానళ్లు అడుగున అక్షరాలు నడిపాయి. విపత్తు రోజు కోసం పెట్టినది విపత్తు పోయినా పోలేదు. మన దగ్గరికి వచ్చేసరికి ఎమ్మెల్యే గుడికి పోయినా ఎర్ర పెట్టెలో ‘బ్రేకింగ్’ అయింది. ఒక పట్టీ సరిపోక రెండు, రెండు సరిపోక మూడు. పక్కన నిలువుగా ఇంకొకటి. మూల మీద ఛానల్ గుర్తు, దాని కింద టైము, దాని పక్కన ప్రకటన. మనిషి మాట్లాడుతుంటే గదుమ దాకా అక్షరాలే వస్తాయి.

అక్షరాల గురించి ఇంకొక మాట. తెర మీద రాసే యంత్రాలు ఇంగ్లీషు కోసం పుట్టినవి. ఇంగ్లీషు అక్షరాలకు పట్టీ మందం కొంచెం చాలు. తెలుగుకు పైన గుడి కావాలి, సుడి కావాలి, కింద ఒత్తు కావాలి, ఒత్తు కింద ఒక్కోసారి ఇంకో ఒత్తు కావాలి. పట్టీ మందం పెంచరు, అక్షరాన్నే నొక్కుతారు. హోటల్ టీవీలో దూరం నుంచి చూస్తే ‘క్ష’కూ ‘క్క’కూ తేడా తెలియదు. పాత డబ్బా టీవీలు అంచులు కొంత మింగేవి గనుక అక్షరాలను లోపలికి జరిపి పెట్టేవాళ్లు. తెరలు పలకలైనాక ఆ జాగ్రత్తా పోయింది. తెలుగుకే ఈ గతి పడితే మా మాటల సంగతి చెప్పేదేముంది? గోర్ బోలికి సొంత లిపి లేదు. గోండుల సంగతి వేరు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఇప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా గోండి అక్షరం కొట్టవచ్చు. మేం చూసిన ఏ వార్తా ఛానల్ పట్టీ మీదా ఒక్క గోండి అక్షరం పడలేదు. నాగోబా జాతర రోజున కూడా పడలేదు.

ఇక పేరు పట్టీ. మాట్లాడే మనిషి ఛాతీ మీద పడే రెండు వరుసల పెట్టె ఇది. పైన పేరు, కింద హోదా. న్యూస్‌రూముల్లో దీన్ని ఆస్టన్ అంటారు. ఆస్టన్ అన్నది తెర మీదికి అక్షరాలు ఎక్కించే యంత్రాలు చేసిన ఒక బ్రిటిష్ కంపెనీ పేరు. మనం కాగితం నకలును జిరాక్స్ అన్నట్టు, కంపెనీ పేరే పట్టీకి పేరైపోయింది. యంత్రం చేసినవాడి పేరు ఇంత దూరం వచ్చి నిలిచింది. ఆ పట్టీ కింద నిలబడి మాట్లాడిన మా మనిషి పేరు నిలవలేదు.

వరుసగా చూడండి. మంత్రి మాట్లాడితే పేరు, శాఖ. కలెక్టర్ మాట్లాడితే పేరు, జిల్లా. స్టూడియోలో చర్చకు కూర్చున్న ఆయనకు పేరు, దాని కింద ‘విశ్లేషకులు’. కొందరు ఏం విశ్లేషిస్తారో ఇప్పటికీ మాకు అంతుపట్టలేదు, అది వేరే ముచ్చట. తండా ఆడమనిషి బోరు ఎండిపోయిందనో, పట్టా రాలేదనో మాట్లాడితే పట్టీలో ఒకటే వరుస: ‘స్థానికురాలు’. లేకుంటే ‘బాధితురాలు’. లేకుంటే ‘గిరిజన మహిళ’. పేరు ఉండాల్సిన వరుసలో జాతి వచ్చి కూర్చుంటుంది. అట్ట మీద చేత్తో రాసిన రోజులు కావు ఇవి. మూడు అక్షరాల పేరు కొట్టడానికి మూడు సెకన్లు. అడగడానికి ఇంకో మూడు. సాంకేతికం వంద రెట్లు పెరిగింది, సాకు మాత్రం మిగల్లేదు.

2023 జూలైలో ఒక తెలుగు ఛానల్ కంప్యూటర్‌తో తయారుచేసిన యాంకర్‌ను తెర మీదికి తెచ్చింది. దానికి మాయ అని పేరు పెట్టారు. లేని మనిషికి పేరుంది. ఉన్న మనిషి ‘స్థానికురాలు’.

దీన్ని చిన్న విషయం అనేవాళ్లకు మా ఇళ్ల సంగతి కొంత చెప్పాలి. లంబాడీలు ఇద్దరు కొత్తగా ఎదురైతే రామ్‌రామీ అయినాక మొదట తెలుసుకునేది గోత్రం. రాథోడా, పవారా, చౌహానా, జాదవా. భూక్యా అంటే ఒక వరుస, వడ్త్యా అంటే ఇంకో వరుస. దాంతోనే ఎవరు అన్నదమ్ములో, ఎవరికి పిల్లనివ్వవచ్చో తేలుతుంది. మా ఢాడీలు పాడేది ఆ వంశాల పేర్లే. అక్షరం లేని జాతి పేరును నోటితో మోసుకుంటూ వచ్చింది. అటువంటి మనిషిని అక్షరంలోకి ఎక్కించే రోజున పేరు తీసేసి ఎక్కించారు.

ఈ పట్టీ తప్పు స్టూడియోలో కొట్టే పిల్లవాడిది మాత్రమే కాదు. అది మండలం నుంచే మొదలవుతుంది. స్టూడియోలోని వస్తువుల్లో మా దాకా నడిచివచ్చేది ఒకటే ఉంది, మైకుకు తొడిగే డబ్బా. దాన్ని ఇక్కడ ‘లోగో’ అంటారు. ఫలానా ఆయనకు లోగో వచ్చింది అంటే ఆయన ఆ ఛానల్‌కు మండలంలో విలేకరి అయినట్టు. చాలామందికి జీతమంటూ ఉండదు. లోగోయే జీతం, లోగోయే పరపతి. ప్రెస్‌మీట్‌లో నాయకుడి ముందు బల్ల మీద అవన్నీ వరుసగా పేర్చి ఉంటాయి, ఎరుపు, నీలం, పసుపు. ఫొటోలో నాయకుడి గొంతు కనిపించదు, డబ్బాలే కనిపిస్తాయి. రూపకల్పన పరంగా చూస్తే తెలుగు వార్తల్లో ఇంత తెలివైన వస్తువు ఇంకోటి లేదని మా అభిప్రాయం. అరచేతిలో పట్టేంత డబ్బా, ఎల్‌ఈడీ గోడ చేసే పని చేస్తుంది. తండాకు వచ్చిన లోగో ముందు మనిషిని నిలబెట్టి, బైట్ తీసుకుని, బండెక్కి పోతుంది. పంపే వీడియో వెంట రాసే రెండు ముక్కల్లో ఊరి పేరుంటుంది, మనిషి పేరుండదు. పై నుంచి ఎవరూ అడగరు గనుక కింద ఎవరూ రాయరు.

మా ప్రాంతం పేరు తెర మీద పెద్ద అక్షరాల్లో పడే సందర్భం ఏటా ఒకటి వస్తుంది. అది శ్రీరాంసాగర్ నిండినప్పుడు. నెహ్రూ 1963 జూలై 26న పునాదిరాయి వేసిన పోచంపాడు ప్రాజెక్టు మాకు కూతవేటు దూరం. వరద వచ్చిందంటే గ్రాఫిక్ సిద్ధం. నీలం రంగు నీళ్లు పైకి లేస్తుంటాయి, పూర్తి నీటిమట్టం 1091 అడుగులు, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, ఎత్తిన గేట్లు 42లో ఎన్ని. బాగుంటుంది, మేమూ చూస్తాం. రైతుకు పనికొచ్చే లెక్క అది. కాని ఆ నీలం రంగు కింద ఊళ్లున్నాయి. నిజామాబాద్ దిక్కువీ, ఆదిలాబాద్ దిక్కువీ. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు గోడల మొదళ్లు తేలుతాయి. నీళ్ల మట్టానికి గీత గీసిన గ్రాఫిక్‌లో మునిగిన ఊళ్ల పేర్లకు ఒక గీత గీయడం పెద్ద పని కాదు. ఆ గీత ఎక్కడా చూడలేదు.

పేర్లు పట్టకపోవడం గిరిజనులకే జరిగిందనుకుంటే పొరపాటు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది నిలబడ్డారు. అందులో 178 మంది రైతులు. పసుపుకు, ఎర్రజొన్నకు ధర రాలేదని నామినేషన్లు వేశారు. మా బాల్కొండ సెగ్మెంట్ కూడా ఆ నియోజకవర్గంలోదే. ఎన్నికల సంఘం ఏం చేసింది? ఒక్కో యంత్రానికి 16 పేర్ల లెక్కన, ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యంత్రాలు పక్కపక్కన పేర్చింది. నోటాతో కలిపి అందరికీ చోటు దొరికింది. ఓటరు ఆ బల్ల పొడుగునా నడిచి తన గుర్తు వెతుక్కున్నాడు. అదే ఎన్నిక టీవీ తెర మీదికి వచ్చేసరికి ఫలితాల పెట్టెలో రెండు మూడు ముఖాలు, వాటి కింద ఒకే మాట: ‘ఇతరులు’. సర్కారు యంత్రం పట్టించుకున్న పేర్లను స్టూడియో గ్రాఫిక్ పట్టించుకోలేదు. సర్కారును మెచ్చుకునే అవకాశం మాకు తరచుగా రాదు గనుక ఈసారికి మెచ్చుకుంటున్నాం.

కొన్నిసార్లు ముఖం అవసరానికి మించి కనిపిస్తుంది. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటించడానికి వచ్చిన అటవీ అధికారిణి మీద కర్రలతో దాడి జరిగింది. ఆ దాడి తప్పు, దానికి మా దగ్గర సమర్థన లేదు. మేం అడిగేది తెర గురించి. కొన్ని సెకన్ల వీడియోను పెట్టెలో పెట్టి పొద్దంతా తిప్పారు. తిరిగిన కొద్దీ అది ఒక ఘటనగా కాక ఒక జాతి స్వభావంగా కనిపించడం మొదలైంది. ఆ పెట్టె పక్కనే ఖాళీ ఉంది, అక్షరాలకు చోటుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఏం చెప్తుంది, ఆ భూమి ఎవరు ఎన్నేళ్లుగా దున్నుతున్నారు అన్న రెండు వరుసలు అక్కడ పట్టేవి. తిరిగే పెట్టెకు గతం ఉండదు. కర్ర లేచిన క్షణం నుంచే దాని కథ మొదలవుతుంది.

తెలంగాణ వచ్చాక, రాకముందు కొంచెం, స్టూడియోలో ఒక మంచి మార్పు జరిగింది. వీ6 తీన్మార్ వార్తలు మన మాటను యాంకర్ నోట పెట్టాయి. సావిత్రిగా వచ్చిన శివజ్యోతి మన జిల్లా ఆడబిడ్డే. ఊళ్లో మాట్లాడినట్టు వార్త చదువుతుంటే మా ముసలివాళ్లు కూడా టీవీ ముందుకు జరిగారు. సూట్లు, గాజు బల్లలు లేకుండా వార్త చెప్పవచ్చని అది రుజువు చేసింది, దాని విలువ తక్కువ కాదు. అయినా ఒక హద్దు ఉండిపోయింది. ఊరి మాటకు నవ్వుల అరగంట ఇచ్చారు. బడ్జెట్టు, కోర్టు తీర్పు, అసెంబ్లీ వచ్చేసరికి మళ్లీ పాత బల్ల, పాత భాష. ఊరు నవ్వించగలదు గాని బడ్జెట్టు చెప్పలేదని ఆ ఏర్పాటే చెప్తున్నది. తెలంగాణ తెలుగుకు దొరికిన ఆ అరగంట కూడా గోర్ బోలికి దొరకలేదు.

మాకు దొరికేది ఆగస్టు 9. ఆ రోజు ఎల్‌ఈడీ గోడ మీద అద్దాల పేటియా, గవ్వల అంచు, డప్పు, అడవి. ఒక ఏడు నాయకపోడుల లక్ష్మీదేవర ముఖాన్ని, గోండుల నెమలిపింఛాల టోపీని, మహారాష్ట్ర వార్లీ బొమ్మలను ఒకే చట్రంలో కలిపి తిప్పడం చూశాం. మూడు జాతులు, మూడు దేవుళ్లు, రెండు రాష్ట్రాలు, ఒకే బోర్డరు. లక్ష్మీదేవర అంచు డిజైను కాదు, కొలిచే దేవత. బయటికి తీయడానికి ఒక రోజుంది, మోయడానికి ఒక మనిషున్నాడు. గ్రాఫిక్ చేసినవాడికి చెడ్డ ఉద్దేశం ఉండి ఉండదు. ఎవరినైనా ఫోన్ చేసి అడగాలన్న ఆలోచన అతనికి రాలేదు, అంతే. మేడారంలో రెండేళ్లకోసారి ఎత్తయిన వేదికల మీద కూర్చుని జాతర మొత్తాన్ని వెనుక గోడగా చేసుకునేది కూడా ఇదే పద్ధతి. జనం అక్కడ వాల్‌పేపరు.

ఇప్పుడు మన పిల్లల దగ్గరికి వద్దాం. తండాల్లో యూట్యూబ్ ఛానళ్లు వచ్చాయి. ఒక ఫోను, ఒక పచ్చ గుడ్డ, ఒక కాలర్ మైకు. గోర్ బోలిలో వార్తలు చెప్తున్నారు, మా అవ్వలు వింటున్నారు. సంతోషమే. కాని ఆ ఛానల్ తెరిచి చూడండి. తిరిగే భూగోళం, ఎర్ర ‘బ్రేకింగ్’ పెట్టె, ఉరుముల సంగీతం, మైకుకు అట్టతో చేసిన లోగో. నగరంలో వదిలేసిన పాత అంగీ తెచ్చి తొడిగినట్టు. ఛానల్ పెడుతూ మొదట చేయించేది లోగో. అన్నిటికన్నా బాధ కలిగించింది ఏమిటంటే, తమ తండా ఆమెనే, పేరూ గోత్రమూ తెలిసిన ఆమెనే, నిలబెట్టి మాట్లాడించి పట్టీలో ‘స్థానికురాలు’ అని వేయడం. మాకు దొరికిన ఉచిత టెంప్లేటులో ఆ పెట్టె అట్లాగే ఉంది అన్నారు పిల్లలు.

కొందరితో కూర్చుని ఆ పెట్టెను మార్పించాం. భూగోళం తీసేశారు. పట్టీ మందం రెండింతలు చేశారు, ఒత్తులు కోసుకుపోకుండా. మూడు వరుసలు: పేరు, గోత్రంతో సహా, తండా, చేసే పని. కూలీ అయితే కూలీ, పసుపు రైతయితే పసుపు రైతు. వెనుక బొమ్మ పెట్టకుండా మనిషి ఎక్కడ కూర్చుంటే అక్కడే తీయమన్నాం. ఇంతవరకు అందరం ఒక మాట మీదికి వచ్చాం. పట్టీలో గోర్ బోలి ఏ లిపిలో రాయాలన్న దగ్గర ఆగిపోయింది. తెలుగులో రాస్తే నాందేడ్ దిక్కు మన చుట్టాలు చదవలేరంటారు ఒకరు. దేవనాగరిలో రాస్తే ఇక్కడి బడిపిల్లలు కూడబలుక్కోవాలంటారు ఇంకొకరు. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఫోన్లో అందరూ అట్లనే కొడుతున్నారు కదా అంటారు పిల్లలు, దాంతో ముసలివాళ్లు లేచిపోతారు. వచ్చే తీజ్ నాటికి ఏదో ఒకటి తేల్చాలనుకున్నాం. ఈలోపు పట్టీ తెలుగులోనే నడుస్తున్నది.